ఒకే గాలికి రెండు పనులు

పోయిన చలికాలం ఒక ఉదయం నాన్న తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు. తెర మీద ఒక వీడియో. నగరమంతా బూడిదరంగు మసకలో మునిగి ఉంది. మధ్యలో ఆకాశంలోకి లేచిన పెద్ద గొట్టం, దాని మొదట్లో గొడుగులా పరుచుకున్న గాజు కప్పు. మురికి గాలి కప్పు కిందికి వెళ్తుంది, గొట్టం పైనుంచి శుభ్రమైన గాలి బయటికొస్తుంది, మధ్యలో కరెంటు కూడా పుడుతుంది అని ఒక గొంతు చెబుతోంది. "అమ్మడూ, నువ్వు కాలేజీలో కట్టిన గొట్టం ఇదే కదా?" అని అడిగారు. కాసేపు ఊపిరి కూడదీసుకుని, "ఇలాంటివి నాలుగు కడితే నాకు ఈ పంపుతో పని ఉండదేమో" అన్నారు. పంపు అంటే ఆయన ఇన్‌హేలర్.

అవునన్నాను. అది సగం నిజమే. మిగతా సగం ఆయనకి సరిగ్గా చెప్పాలంటే ముందు నేను లెక్కలు వేసుకోవాల్సి వచ్చింది. ఆ లెక్కలే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి వీడియోలు చూసి ఆశపడుతున్నది నాన్న ఒక్కరే కాదు. ఊపిరి ఆడని మనిషికి ఆశ చూపించే ముందు ఆ ఆశ ఎంత బరువు మోయగలదో చూసుకోవాలి.

ఎండకి వేడెక్కిన గాలిని గొట్టంలోంచి పైకి లేపే ఇలాంటి యంత్రాన్ని సోలార్ చిమ్నీ అంటారు. నాకు అదంటే చాలా ఇష్టం. ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ముగ్గురం కలిసి ఒక నమూనా కట్టాం. తొమ్మిది చదరపు మీటర్ల నేల మీద నల్ల గుడ్డ పరిచి, దాని మీద మోకాలెత్తున పాలిథీన్ షీటు కప్పి, నడుమ 4 మీటర్ల పీవీసీ గొట్టం నిలబెట్టాం. గొట్టం పైమూతికి ఒక దారం పోగు కట్టాం. పొద్దున అది గొట్టం అంచు మీద వేలాడుతూ ఉండేది. ఎండ ఎక్కేకొద్దీ మెల్లగా లేచేది. మిట్టమధ్యాహ్నానికి నిటారుగా నిలబడి వణుకుతూ ఉండేది. పొయ్యి లేదు, ఇంధనం లేదు, ఫ్యాన్ లేదు. ఎండే ఆ దారాన్ని నిలబెట్టింది. ఆ దృశ్యం నేను ఈ రోజుకీ మర్చిపోలేదు.

తర్వాత గొట్టంలో ఒక చిన్న రెక్క పెట్టి, దానికి బొమ్మకారులోంచి తీసిన మోటారు తగిలించాం. రెక్క తిరిగింది. ఎల్ఈడీ మాత్రం వెలగలేదు. "ఎత్తు చాలలేదమ్మా, అంతే" అన్నారు మా గైడ్ సార్. ఆయన అన్నది నిజమే. ఎత్తు పెంచితే చాలు, అన్నీ అవే వస్తాయని నేను ఆ తర్వాత చాలా ఏళ్ళు నమ్మాను.

ఎత్తు ఎందుకు అంత ముఖ్యమో చెప్పాలంటే గాలిని తూకం వేయాలి. ఒక ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. అదే గాలి 20 డిగ్రీలు వేడెక్కితే వ్యాకోచించి, ఘనపు మీటరుకి దాదాపు 80 గ్రాములు తేలికవుతుంది. అంటే గొట్టం లోపలున్న ప్రతి మీటరు ఎత్తు గాలీ బయటి గాలి కన్నా 80 గ్రాములు తేలిక. ఎత్తు పెరిగేకొద్దీ ఈ గ్రాములు పోగవుతాయి. మా 4 మీటర్ల గొట్టంలో ఆ తేడా అంతా కలిపితే చదరపు మీటరుకి 320 గ్రాములు. గాలిని పైకి తోసే బలం మొత్తం అంతే. కప్పు మీద మిట్టమధ్యాహ్నం సుమారు 9 కిలోవాట్ల ఎండ పడుతుంటే, రెక్క దగ్గరికి చేరింది నా అంచనాలో ఒక వాటులో నూరో వంతు. దీపం ఎలా వెలుగుతుంది?

ఇదే సూత్రంతో కట్టిన అసలైన టవర్ ఒకటి ఉండేది. స్పెయిన్‌లో మాడ్రిడ్‌కి దక్షిణాన, మన్సనారెస్ అనే ఊరి దగ్గర. ఆలోచన అంతకన్నా చాలా పాతది. ఇసిదోరో కబాన్యెస్ అనే స్పెయిన్ సైనికాధికారి 1903లోనే ఇలాంటి యంత్రం గురించి రాశాడు. దాన్ని నిజంగా నిలబెట్టింది జర్మన్ స్ట్రక్చరల్ ఇంజనీర్ యోర్గ్ ష్లాయిక్. జర్మనీ పరిశోధన శాఖ డబ్బుతో 1980ల మొదట్లో కట్టారు. టవర్ ఎత్తు 195 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. చుట్టూ 244 మీటర్ల అడ్డకొలతతో ప్లాస్టిక్, గాజు కలిపిన కప్పు. దాదాపు పదకొండున్నర ఎకరాలు. గొట్టం గోడ మందం మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మధ్య ఉన్న లోహపు రేకు. తయారయ్యే కరెంటు గరిష్ఠంగా 50 కిలోవాట్లు.

ఆ టవర్‌ని మూడేళ్ళ ప్రయోగం కోసమే తక్కువ ఖర్చులో కట్టారు. అందుకే చుట్టూ లాగి కట్టిన ఉక్కు తీగలకి తుప్పు పట్టకుండా రక్షణ చేయలేదు. అనుకున్న గడువు దాటి ఇంకా కొన్నేళ్ళు నిలబడింది. చివరి రెండు మూడేళ్ళు మనిషి అవసరం పెద్దగా లేకుండా తనంతట తానే రోజూ నడిచింది. 1989లో ఒక గాలివానకి తుప్పు పట్టిన తీగలు తెగి కూలిపోయింది. దీన్ని చూపించి "ఈ సాంకేతికత విఫలమైంది" అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. అది చెప్పిన పని చెప్పినట్టు చేసింది. రాత్రిపూట కూడా, పగలు వేడెక్కిన నేల వదిలే వేడితో కొంత గాలి నడిచింది. మబ్బు పట్టినప్పుడు చెదిరిన వెలుతురుతో కూడా పని చేసింది. అద్దాలతో ఎండని ఒక చోటికి కేంద్రీకరించే ప్లాంట్లకి అది సాధ్యం కాదు. చల్లబరచడానికి నీళ్ళు అక్కర్లేదు. ఎడారిలో కరెంటు తయారీకి ఇంతకన్నా సాదా యంత్రం ఉండదు.

అయితే సాదాగా ఉండటం వేరు, సరిపోవడం వేరు. పదకొండున్నర ఎకరాల కప్పు మీద ఎండ బాగా కాసినప్పుడు పడే శక్తి సుమారు 46 వేల కిలోవాట్లు. అందులోంచి వచ్చింది 50. వెయ్యిలో ఒక వంతు.

ఇందులో ష్లాయిక్ తప్పేమీ లేదు, ఇది భౌతికశాస్త్రం పెట్టిన హద్దు. గాలికిచ్చిన వేడిలో ఎంత భాగం పనిగా మారుతుందనేది గొట్టం ఎత్తు మీదే ఆధారపడి ఉంటుంది. ప్రతి 100 మీటర్లకీ ఒక శాతంలో మూడో వంతు. ఒక కిలోమీటరు ఎత్తు కట్టినా 3.3 శాతమే. కప్పు కింద పోయే వేడి, టర్బైన్‌లో (గాలికి తిరిగి కరెంటు పుట్టించే రెక్కల చక్రం) పోయేది తీసేస్తే చేతికొచ్చేది ఒకటిన్నర శాతం లోపే. ఈ రోజు మార్కెట్లో దొరికే మామూలు సోలార్ ప్యానెల్ 20 శాతం ఇస్తుంది. దానికి టవర్ అక్కర్లేదు.

కిలోమీటరు టవర్ కోసం గట్టిగా ప్రయత్నించినవాళ్ళు ఉన్నారు. ఆస్ట్రేలియాలో ఎన్విరోమిషన్ అనే కంపెనీ 2000ల మొదట్లో 1000 మీటర్ల టవర్, 200 మెగావాట్ల ప్లాంటు కడతామని ప్రకటించింది. తర్వాత అమెరికాలో అరిజోనా ఎడారికి ఆ ఆలోచన తీసుకెళ్ళింది. రెండు చోట్లా పునాది పడలేదు. చైనాలో ఇన్నర్ మంగోలియాలోని వుహాయ్ దగ్గర 2010లో 200 కిలోవాట్ల చిన్న ప్లాంటు నడిచింది. అంతకు మించి పెద్దది ఇప్పటిదాకా రాలేదు. కారణం డబ్బు అంటారు. అది నిజమే, కానీ ఆ డబ్బు ఎందుకు రాలేదో కూడా చూడాలి. సోలార్ ప్యానెల్ ఒక్కటి కొని ఇంటి మీద పెట్టుకోవచ్చు, బాగుంటే పది పెట్టుకోవచ్చు. ఫ్యాక్టరీ లక్షల్లో తయారుచేస్తుంది, చేసిన కొద్దీ చవక అవుతుంది. అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ ఐరీనా లెక్కల ప్రకారం 2010, 2020 మధ్య పెద్ద ప్యానెల్ ప్లాంట్ల కరెంటు ఖర్చు 85 శాతం తగ్గింది. టవర్ విషయంలో చిన్నగా మొదలుపెట్టి నేర్చుకునే దారి లేదు. చిన్నది కడితే పని చేయదు, పెద్దది కట్టాలంటే మొదటి రోజే మొత్తం డబ్బు పోయాలి. ప్రపంచంలో ఇప్పుడు అన్నిటికన్నా ఎత్తైన బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. మొదటి ప్రయత్నంలోనే దాన్ని దాటి కట్టమంటే ఏ బ్యాంకు ముందుకొస్తుంది?

స్థలం లెక్క కూడా వేశాను. 200 మెగావాట్ల టవర్‌కి 5 కిలోమీటర్ల అడ్డకొలత ఉన్న కప్పు అనుకుంటే 4,800 ఎకరాలకి పైన. మెగావాటుకి 5 ఎకరాల చొప్పున అక్కడే ప్యానెళ్ళు పెడితే 950 మెగావాట్లు దాటుతుంది. టవర్ రాత్రి కూడా కొంత తిరుగుతుంది కాబట్టి ఆ తేడాలో సగం కొట్టేసినా ప్యానెళ్ళదే పైచేయి. కరెంటు పోటీలో నాకు ఇష్టమైన టవర్ ఓడిపోయింది. ఈ వాక్యం రాయడానికి నాకు బాధగానే ఉంది.

ఇక నాన్న అడిగిన అసలు విషయం, గాలిని కడగడం.

టవర్ కాలుష్యాన్ని తగ్గిస్తుందనే మాటలో మూడు వేర్వేరు వాదనలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది, టవర్ కరెంటు ఇస్తే ఆ మేరకు బొగ్గు కాల్చడం తగ్గుతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, బూడిద అన్నీ తగ్గుతాయి. కానీ బొగ్గుని ఆపే ఏ కరెంటైనా చేసే మేలే అది, టవర్‌కి ప్రత్యేకం కాదు. రెండోది, మురికి గాలిని పీల్చి ఎత్తుకి పంపేస్తే కింద శుభ్రం అవుతుందని. ఈ పాఠం యూరప్ ఒకసారి నేర్చుకుంది. థర్మల్ ప్లాంట్ల పొగగొట్టాలు ఎత్తు పెంచితే చుట్టుపక్కల గాలి మెరుగైంది, ఆ సల్ఫర్ గాలిలో ఎంతో దూరం ప్రయాణించి స్కాండినేవియా సరస్సుల మీద ఆమ్లవర్షంగా పడింది. అందుకని దీన్ని పక్కన పెడదాం.

మూడోదే వీడియోలో చూపించేది. గాలి దారిలో ఫిల్టర్ పెట్టడం. చూడగానే చాలా సహజంగా అనిపిస్తుంది, ఎలాగూ గాలి వెళ్తోంది కదా, దారిలో ఒక జల్లెడ పెడితే ఏం పోయింది అని. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

పోయేది గాలిని నడిపే బలమే. మన్సనారెస్ టవర్‌లో గాలిని నడిపించిన బలం ఎంతో చూద్దాం. 195 మీటర్లు, మీటరుకి 80 గ్రాములు. చదరపు మీటరుకి పదిహేను పదహారు కిలోలు. గిన్నెలో ఒకటిన్నర సెంటీమీటర్ల నీళ్ళు అడుగున మోపే ఒత్తిడి అది. టర్బైన్ తన కరెంటుని ఆ ఒత్తిడిలోంచే తీసుకోవాలి. ఇప్పుడు అదే దారిలో ఆసుపత్రుల్లో వాడే, అతి సన్నని ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టర్ పెట్టామనుకోండి. కొత్త ఫిల్టర్, దాని మామూలు వేగంలో, గాలిని దాటించడానికి అడిగేది చదరపు మీటరుకి సుమారు 25 కిలోలు. ధూళి పట్టేకొద్దీ ఇంకా ఎక్కువ. అంటే టవర్ మొత్తం బలం ఫిల్టర్‌కే చాలదు. టర్బైన్‌కి మిగిలేది సున్నా.

ఫిల్టర్ విస్తీర్ణం పెంచి గాలిని నెమ్మదిగా దాటిస్తే ఒత్తిడి తగ్గుతుంది, టవర్ ఎత్తు పెంచితే బలం పెరుగుతుంది అని ఎవరైనా అనొచ్చు. రెండూ నిజమే. కిలోమీటరు ఎత్తు, 130 మీటర్ల వెడల్పు ఉన్న టవర్‌లో సెకనుకి 15 మీటర్ల వేగంతో గాలి వెళ్తే, సెకనుకి 2 లక్షల ఘనపు మీటర్లు. దాన్ని హెపా ఫిల్టర్‌కి తగిన నెమ్మదితో, సెకనుకి అర మీటరు వేగంతో దాటించాలంటే దాదాపు వంద ఎకరాల ఫిల్టర్ నిలబెట్టాలి. దాన్ని శుభ్రం చేయాలి, మార్చాలి, పాతదాన్ని ఎక్కడో పారేయాలి. పలచటి ఫిల్టర్ వాడితే ఒత్తిడి సమస్య తీరుతుంది, కానీ ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగే సన్నని కణాలు దాంట్లోంచి చాలావరకు జారిపోతాయి. నాన్నకి హాని చేసేవి అవే. 2.5 మైక్రాన్ల కన్నా చిన్నవి (వీటినే పీఎం 2.5 అంటారు), తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు, ముప్ఫయ్యో వంతు.

అందుకే వీడియో చెప్పే "కరెంటూ ఇస్తుంది, గాలీ కడుగుతుంది" అనే జంట మాట నాకు అభ్యంతరం. గొట్టంలో ఉన్నది ఒక్క గాలి, దానికున్నది ఒక్క చిన్న బలం. టర్బైన్‌కి ఇచ్చింది ఫిల్టర్‌కి ఉండదు, ఫిల్టర్‌కి ఇచ్చింది టర్బైన్‌కి ఉండదు. రెండు ప్రయోజనాల అంకెలూ పక్కపక్కన వేసి కూడేవాళ్ళు ఒకే గాలిని రెండుసార్లు లెక్కపెడుతున్నారు.

ఈ గొడవ లేని ఆలోచన ఒకటుంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. కప్పు లోపలి గాజుకి టైటానియం డయాక్సైడ్ పూత వేస్తే, ఎండలోని అతినీలలోహిత కిరణాల సాయంతో అది నైట్రోజన్ ఆక్సైడ్ల లాంటి వాయువుల్ని విడగొట్టగలదు. గాలి దారికి అడ్డం ఏమీ ఉండదు కాబట్టి ఒత్తిడి పోదు. మీథేన్‌ని కూడా ఇలా తగ్గించవచ్చేమో అని పరిశోధకులు రాశారు. నాకు ఆసక్తి ఉన్న దారి ఇది. కాకపోతే అది వాయువుల సంగతి, ధూళి కణాల్ని ఆ పూత ఏమీ చేయలేదు. పైగా గాజు మీద దుమ్ము పేరుకుంటే పూత పని ఆగిపోతుంది.

సరే, ఫిల్టర్ సమస్య ఎలాగో తీరిపోయిందనే అనుకుందాం. టవర్‌లోకి వెళ్ళిన ప్రతి ఘనపు మీటరూ స్వచ్ఛంగా బయటికి వస్తోంది అనుకుందాం. అప్పుడు నగరం గాలి ఎంత మారుతుంది?

వెయ్యి చదరపు కిలోమీటర్ల నగరం, దాని మీద 500 మీటర్ల మందాన కలిసిపోయి ఉన్న గాలి, సెకనుకి 2 మీటర్ల వేగంతో మెల్లగా వీచే గాలి తీసుకోండి. చెట్టు ఆకులు కదిలితే గొప్ప, అంత మెల్లగా. అప్పుడు కూడా నగరం ఒక పక్క నుంచి సెకనుకి 3 కోట్ల 20 లక్షల ఘనపు మీటర్ల కొత్త గాలి లోపలికి వస్తూ ఉంటుంది. కిలోమీటరు ఎత్తు టవర్ ఒక్కటి పీల్చేది సెకనుకి 2 లక్షలు. అంటే 160 టవర్లు కావాలి. ఒక్కోదానికి 5 కిలోమీటర్ల కప్పు. ఆ కప్పులన్నీ కలిపితే 3 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, నగరానికి మూడింతలు. చలికాలంలో గాలి పొర పలచబడి 200 మీటర్లకి దిగితే 64 టవర్లు చాలు. అప్పుడు కూడా కప్పులు నగరం కన్నా పెద్దవే. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు సున్నాలు తప్పుపడ్డాయేమోనని మళ్ళీ వేశాను. తప్పు పడలేదు.

కాలం కూడా కలిసిరాదు. గాలి బాగా చెడిపోయేది చలికాలం రాత్రుళ్ళు, తెల్లవారుజాముల్లో. నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, పైన వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. కింది పొగ కిందే ఉండిపోతుంది. సోలార్ టవర్‌కి సరిగ్గా ఆ వేళ ఎండ ఉండదు. నేలలో దాచుకున్న కొద్దిపాటి వేడి మీద నడవాలి. అంతేకాదు, టవర్ బలమంతా లోపలి గాలికీ బయటి గాలికీ ఉన్న బరువు తేడా. పైన బయటి గాలి వెచ్చగా, తేలికగా ఉంటే ఆ తేడా తగ్గిపోతుంది. తెల్లారాక కూడా దట్టమైన పొగమసక ఎండని అడ్డుకుంటుంది. నాన్నకి ఆయాసం ఎక్కువయ్యేది ఏ గంటల్లోనో, టవర్ నీరసించేది కూడా ఆ గంటల్లోనే.

కట్టి చూసినవి కూడా ఉన్నాయి. చైనాలోని షియాన్‌లో 60 మీటర్ల టవర్ కట్టారు, కింద గాజు కప్పు, ఎండతో గాలి నడుస్తుంది, దారిలో ఫిల్టర్లు. కరెంటు తయారుచేయడం దాని పని కాదు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. రోజుకి కోటి ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తోందని, కాలుష్యం తీవ్రంగా ఉన్న రోజుల్లో చుట్టూ 10 చదరపు కిలోమీటర్లలో పీఎం 2.5 సగటున 15 శాతం తగ్గిందని 2018లో దాని శాస్త్రవేత్తలు చెప్పారు. ఈ రెండు అంకెలూ నాకు కలవడం లేదు. 10 చదరపు కిలోమీటర్ల మీద కేవలం 100 మీటర్ల ఎత్తు వరకే చూసినా వంద కోట్ల ఘనపు మీటర్ల గాలి. రోజుకి కోటి చొప్పున, గాలి అసలు కదలకుండా నిలబడి, కొత్త పొగ ఏదీ పుట్టకుండా ఉన్నా, అంతా ఒకసారి టవర్‌లోంచి వెళ్ళడానికి వంద రోజులు. టవర్ పక్కనే పెట్టిన మీటరు తగ్గుదల చూపించవచ్చు, అది వేరే సంగతి.

ఢిల్లీలో 2021లో పెట్టిన 24 మీటర్ల స్మాగ్ టవర్‌కి ఎండతో సంబంధం లేదు. 40 పెద్ద ఫ్యాన్లతో సెకనుకి వెయ్యి ఘనపు మీటర్ల గాలి ఫిల్టర్ల గుండా పంపేలా కట్టారు. పైన చెప్పిన 2 లక్షలతో పోలిస్తే ఇది ఎంతో మీరే చూడండి. దాని ప్రభావం వంద మీటర్లు దాటి పెద్దగా లేదని చివరికి ప్రభుత్వ సంస్థలే చెప్పాయి.

అదే సెకనుకి వెయ్యి ఘనపు మీటర్లని ఇంకో చోట పెట్టి చూడండి. ఒక పెద్ద బొగ్గు ప్లాంటు పొగ కూడా సెకనుకి వందల ఘనపు మీటర్లు, దాదాపు అదే స్థాయి. కానీ బాయిలర్ నుంచి వచ్చే పొగలో బూడిద ఘనపు మీటరుకి గ్రాముల్లో ఉంటుంది, నగరం గాలిలో ధూళి మైక్రోగ్రాముల్లో. పది గ్రాములు, రెండు వందల మైక్రోగ్రాములు అనుకుంటే యాభై వేల రెట్లు తేడా. ఒకే ఫ్యాన్, ఒకే శ్రమ. బొగ్గు ప్లాంటు చిమ్నీకి ముందు ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ సరిగ్గా పని చేస్తే అది పట్టే బూడిద 99 శాతం పైనే. పొగ బయటపడి ఊరంతా పలచగా పరుచుకున్నాక పట్టుకోవాలంటే యాభై వేల రెట్లు ఎక్కువ గాలి తోడాలి. గిన్నెలో ఉన్న నూనెని మూత పెట్టి ఆపొచ్చు, చెరువులో ఒలికాక గరిటెతో తీయలేం.

గాలి బాగుపడిన నగరాలన్నీ ఇలా పుట్టిన చోటే ఆపాయి. 1952 డిసెంబర్‌లో లండన్‌ని అయిదు రోజులు కప్పేసిన పొగమంచుకి కనీసం 4 వేల మంది చనిపోయారు. 1956లో చట్టం తెచ్చి ఇళ్ళల్లో పొగ వచ్చే బొగ్గుని కట్టడి చేశారు. బీజింగ్‌లో 2013లో పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకి 89.5 మైక్రోగ్రాములు. 2021కి 33 అయింది. బొగ్గు బాయిలర్లు గ్యాస్‌కి మార్చారు, పాత వాహనాలు తీసేశారు, ఫ్యాక్టరీలకి హద్దులు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 5కి అది ఇంకా చాలా దూరం. కానీ ఎనిమిదేళ్ళలో వచ్చిన ఆ మార్పు ఏ టవర్ వల్లా రాలేదు.

టవర్ల మీద నా కోపం అక్కడ. యంత్రం మీద కాదు, దాన్ని చూపించి జరగాల్సిన పనిని వాయిదా వేయడం మీద. నగరం మధ్యలో ఒక ఎత్తైన టవర్ కనపడుతుంది, రిబ్బన్ కత్తిరించవచ్చు, ఫొటో తీయవచ్చు. ప్రెసిపిటేటర్ మరమ్మతు చేస్తే ఎవరికీ కనపడదు, బస్సులు పెంచితే ఒకే రోజులో తేడా తెలియదు. ఊపిరి ఆడనివాళ్ళు మాత్రం కనపడేదాన్నే నమ్ముతారు, వాళ్ళకి ఎదురుచూసే ఓపిక ఉండదు. నాన్న ఫోన్‌లో వీడియో పెట్టినవాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు.

మరి వేడిగాలి పైకి లేచే ఆ చిన్న బలాన్ని వదిలేయాలా? వద్దు. నేను ఇన్నాళ్ళూ దాన్ని తప్పు కొలతతో చూశాను. దాన్ని కరెంటుగా మారిస్తే వెయ్యిలో ఒక వంతే మిగులుతుంది. కానీ మనకి కావాల్సింది గాలి కదలికే అయితే, దాన్ని దేనిగానూ మార్చక్కర్లేదు. ఇంటి ఎండ తగిలే గోడకి నల్లరంగు వేసి, ముందు గాజు పెట్టి, జానెడు సందు వదిలి, పైన ఇంటి కప్పు దాటేలా మూతి పెడితే అదే సోలార్ చిమ్నీ. కింద గదిలోకి ఒక రంధ్రం, అవతల నీడ వైపు కిటికీ. ఎండకి సందులో గాలి లేచి, గదిలో వేడిగాలిని లాగేస్తుంది, నీడ వైపు నుంచి చల్లని గాలి వస్తుంది. ఫెలిక్స్ ట్రోంబ్ అనే ఫ్రెంచ్ ఇంజనీర్ 1960ల్లో పిరనీస్ కొండల్లో ఓదెయ్యో దగ్గర చలికాలం ఇల్లు వెచ్చబెట్టడానికి ఇలాంటి గోడ కట్టి చూపించాడు. పై రంధ్రం బయటికి తెరిస్తే అదే గోడ వేసవిలో చిమ్నీ అవుతుంది. పంట ఎండబెట్టే గదులకి కూడా ఇదే గొట్టం చక్కగా పనికొస్తుంది, గింజలోని తేమని మోసుకెళ్ళే గాలిని ఎండే నడుపుతుంది.

ఇక్కడ కాలం కూడా కలిసొస్తుంది. ఎండ ఎంత ముదిరితే గాలి అంత గట్టిగా లాగుతుంది, గది చల్లబడాల్సిన అవసరం కూడా అప్పుడే ఎక్కువ. ఫ్యాన్, ఏసీ నడిచే గంటలు కొన్ని తగ్గినా ఆ మేరకు ఎక్కడో బొగ్గు మిగులుతుంది. ఒక్క హెచ్చరిక ఉంది. బయటి గాలి చెడ్డగా ఉన్న రోజు ఇది ఆ గాలినే ఇంట్లోకి లాగుతుంది. అందుకే మూసుకునే తలుపు తప్పనిసరి. శ్వాస జబ్బు ఉన్న ఇంట్లో ఆ తలుపుని మర్చిపోకూడదు.

ఇవన్నీ నాన్నకి ఒక సాయంత్రం కాగితం మీద గీసి చెప్పాను. 160 టవర్ల బొమ్మ దగ్గర ఆగి, చాలాసేపు చూశారు. "అయితే నాలుగు చాలవన్నమాట" అన్నారు. చాలవన్నాను. ఆయన ముఖంలో ఆశ తగ్గడం చూసి, చెప్పకుండా ఉంటే బాగుండేదేమో అని ఒక్క క్షణం అనిపించింది. తర్వాత ఆయనే అడిగారు, పాత బొగ్గు ప్లాంట్లలో ఆ బూడిద పట్టే యంత్రాలు అన్నీ సరిగ్గా నడుస్తున్నాయో లేదో ఎవరు చూస్తారు అని. ఏ బోర్డుకి రాయాలో, సమాచార హక్కు కింద ఏం అడగాలో ఇద్దరం కూర్చుని వెతికాం. దరఖాస్తు ఆయనే రాశారు.

వేసవికి ముందు మేడమీది గదికి గోడ చిమ్నీ కట్టించాను, అయిదు మీటర్లు. కట్టిన రోజున నాన్న మెట్లు ఎక్కలేకపోయారు. కింద వాకిట్లో కుర్చీ వేసుకుని పైమూతి వైపు చూస్తూ, "దారం కట్టావా?" అని అరిచారు. కట్టాను. పదకొండు గంటలకి అది లేచింది.